కొండకెళ్లొచ్చిన బండి

"సారూ, సీట్లో రాయి పెట్టుకుని ఇన్నేళ్లు ఎట్టా కూర్చున్నారండీ?"

గుంటూరులో సీటు కవర్లు కుట్టే అతను నన్ను అడిగిన మాట ఇది. నా పాత బండి సీటు విప్పి, స్పాంజి పక్కకు తీసి, ఎడమవైపు చేసిన ఒక గుంటలోంచి చిన్న పొట్లం బయటికి లాగాడు. సైకిలు ట్యూబు ముక్కలో చుట్టి, పైన రాగితీగతో బిగించి ఉంది. విప్పితే పలుగురాయి. గోలీకాయ కన్నా కాస్త పెద్దది, తెల్లగా, నడుమ సన్నటి గులాబీ చారతో.

"కుట్టు కూడా మా పనివాళ్లది కాదండి. ఎవరో దబ్బనం పెట్టి గోనెసంచి కుట్టినట్టు కుట్టారు" అని అతను ఆ దారం ముక్క నాకు చూపించాడు.

నేను అక్కడే రోడ్డు పక్క గట్టు మీద కూర్చుండిపోయి నవ్వడం మొదలుపెట్టాను. రెండేళ్లుగా వాడకుండా మూలపడేసిన బండి. అమ్మేద్దామని, అమ్మేముందు కాస్త ముస్తాబు చేద్దామని తెచ్చాను. అతను నాకేదో అయిందనుకుని మంచినీళ్ల సీసా అందించాడు.

ఆ కుట్టు ఎవరిదో నాకు తెలుసు. ఆ రాయి ఏ కొండ మలుపు దగ్గరిదో కూడా తెలుసు. తెలియనిదల్లా, ఆ మనిషి అక్కడికి మళ్లీ ఎప్పుడు వెళ్లాడన్నదే. ఎందుకంటే ఆయన్ని ఆ కొండకు వెళ్లకుండా చేసినవాణ్ని నేనే. ఊరంతా తిరిగి, ఇంటింటికీ చెప్పి మరీ ఆపించాను. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే ఆయన పోయాడు. ఆఖరిసారి కొండ చూడనివ్వకుండానే పంపించేశానన్న బాధ అయిదేళ్లుగా నన్ను వదల్లేదు.

పొదిలిలో ఆయన్ని అందరూ ట్రయల్ మేస్త్రి అనేవారు. బస్టాండు దాటాక మార్కాపురం రోడ్డులో రేకుల షెడ్డు. మోటారుసైకిళ్లూ, పురుగుమందు కొట్టే స్ప్రేయర్లూ బాగుచేసేవాడు. బక్కపలచని మనిషి, చెవుల మీద వెంట్రుకలు, ఎప్పుడూ మోచేతుల దాకా మడిచిన ఖాకీ చొక్కా. ఆయన ఇంజను చూసే పద్ధతి వేరు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. ఆ రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఎవడైనా దగ్గితే కళ్లు తెరవకుండానే "పక్కకు పోయి దగ్గిరా" అనేవాడు. చేతులు తుడుచుకోవడానికి అందరు మెకానిక్కుల్లా పాత గుడ్డలు వాడడు. రైతులు ఎవరైనా వానకు తడిసి మచ్చపడ్డ పత్తి ఇస్తే, గోతాంలో పోసి పెట్టుకునేవాడు. "పత్తి పండే చోట గుడ్డలు కొంటే నవ్విపోతారు" అనేవాడు.

నేను తెనాలి పక్క మాగాణి ఊరివాణ్ని. ఉద్యోగం వచ్చి పొదిలి దగ్గర ఒక పల్లె బడిలో పడ్డాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. మూడు చేతులు మారిన హండ్రెడ్ సీసీ బండి కొనుక్కున్నాను. అది వారానికోసారి ఆగిపోయేది. మొదటిసారి షెడ్డుకు నెట్టుకుంటూ తీసుకెళితే ఆయన బండి వంక చూడనైనా లేదు.

"ఏసుకుని యాడికి పోతారు మాస్టారూ?"

"బడికి."

"ఇంకా?"

"ఇంటికి."

"ఇంకా?"

"ఇంకెక్కడికీ లేదండి."

"అదే జబ్బు" అన్నాడు. "గానుగెద్దు అయినా నయం, గుండ్రంగా తిరుగుద్ది. మీరు ఒకటే గీత మీద పోయొస్తన్నారు."

నాకు ఒళ్లు మండింది. బండి బాగుచేయించుకోవడానికి వస్తే నన్ను బాగుచేస్తాడేమిటి అనుకున్నాను. అయినా ఆ ఊళ్లో అంతకన్నా మంచి చెయ్యి లేదు. ప్లగ్గు తుడిచి, ఏదో ఒక స్క్రూ పావు చుట్టు తిప్పి ఇచ్చాడు. ఆర్నెల్లు ఆగలేదు.

ఇక ట్రయల్ సంగతి. ఏ మెకానిక్కైనా బాగుచేసిన బండిని ఒక చుట్టు తిప్పి చూస్తాడు. ఆ సందు చివరి దాకా వెళ్లి వస్తాడు, మహా అయితే పెట్రోలు బంకు దాకా. మా మేస్త్రి ట్రయల్ నల్లమల కొండ దాకా. ఏడాదికి మూడు నాలుగు సార్లు, వానలు వెనకబట్టి పత్తి మొదటి తీత అయ్యాక, మిరపకాయ కళ్లాల్లోకి రాకముందు, ఏదో ఒక బండి బాగా పలికిందనుకోండి, తెల్లారి ఆరింటికి స్పీడోమీటరు తీగ ఊడబీకి జేబులో వేసుకుని, సొంత డబ్బుతో పెట్రోలు పోయించుకుని బయల్దేరేవాడు. మార్కాపురం, దోర్నాల, అడివి, ఘాట్ రోడ్డు. సగం కొండ ఎక్కాక ఒక మలుపు ఉంది. అక్కడ బండి ఆపి, పులిహోర తిని, పొద్దుగూకేలోపు వెనక్కి. మొత్తం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఒక్కడే. వెనక సీటు మీద ఎవరినీ ఎక్కించుకునేవాడు కాడు.

ఆయనకు సొంత బండి లేదు. ఎందుకు కొనుక్కోవు అంటే, "సొంత బండుంటే పన్లు తగులుకుంటయ్. గ్యాసు సిలిండరు తెమ్మంటారు, సుట్టాన్ని బస్టాండులో దించమంటారు. ట్రయల్ బండికి ఏ పనీ ఉండదు" అనేవాడు.

అంతదూరం పోయి శ్రీశైలం మల్లన్నను చూడకుండా సగంలో తిరిగి వస్తాడని ఊళ్లో పెద్దలకు కోపం. నేనూ ఒకసారి అడిగాను.

"దర్శనానికి పోతే అది యాత్ర మాస్టారూ. నాది ట్రయల్" అన్నాడు. దేవుడికి కూడా ఆ తేడా తెలుసన్నట్టే చెప్పాడు.

ఒకసారి నా కళ్ల ముందు జరిగింది. ఒక పత్తి రైతు పదిగంటలకు బండి కోసం వచ్చాడు. షెడ్డులో మేస్త్రి లేడు. ఆయన భార్య పీట వేసుకుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది.

"నా బండేదమ్మా?"

"ట్రయల్‌కి పోయింది."

"ఎప్పుడొచ్చుద్ది?"

"పొద్దుగూకేలోపు."

ఆ రైతు ఇంతెత్తున లేచాడు. బండి తనది, పెట్రోలు తనది, అసలు ఎవడబ్బ సొమ్మని అంటూ పావుగంట కేకలు. ఆమె ఒలుపు ఆపలేదు. "పెట్రోలు ఆయందే" అని ఆ ఒక్కమాట సవరించింది. తర్వాత మజ్జిగ ఇచ్చింది. అతను తాగాడు. కూర్చున్నాడు. మధ్యాహ్నానికి తనూ కాయలు ఒలవడం మొదలుపెట్టాడు. సాయంత్రం బండి వచ్చింది, చక్రాల నిండా ఎర్రదుమ్ముతో. ఆ దుమ్ము కడిగి ఇవ్వడం మేస్త్రికి అలవాటు లేదు. యజమాని చూడాలి కదా. రైతు నోరు తెరవబోయేలోపు మేస్త్రి పక్క డబ్బా మూత తీసి చూపించాడు. లోపల పలుగురాయి. ఆ మలుపు దగ్గర ఏరి తెచ్చింది.

"కొండకెళ్లొచ్చింది నీ బండి. ఇంక దీనికి తిరుగులేదు" అన్నాడు.

రైతు ఆ రాయి అరచేతిలో పెట్టుకుని చూసుకుంటూ వెళ్లిపోయాడు. మర్నాడు బజారులో ఆయనే అందరికీ చూపిస్తున్నాడు. పొదిలిలో ఆ రాయికి అంత విలువ. "కొండకెళ్లొచ్చిన బండి" అంటే బేరం మాట్లాడేవాడు ఇక ఇంజను గురించి అడిగేవాడు కాదు. తిట్టుకున్నవాళ్లే, తమ బండి వంతు ఎప్పుడొస్తుందా అని షెడ్డు ముందు తచ్చాడేవాళ్లు.

నా బండి వంతు మాత్రం రాలేదు. ఒక ఏడాది చూశాను, రెండేళ్లు చూశాను. నాకంటే వెనకొచ్చిన వాళ్ల డొక్కు బళ్లన్నీ కొండకు వెళ్లొస్తున్నాయి. చివరికి సిగ్గు విడిచి అడిగేశాను.

"మీ బండి ఎప్పుడో పలికింది మాస్టారూ. మీరే పలకలా" అన్నాడు. "దాన్ని నేను తీసకపోను. మీరే పోవాల. ఒక్కళ్లే."

"నేనా? ఘాట్ రోడ్డా?" మా తెనాలి పక్క ఎత్తంటే కాలవకట్టే.

"ఎక్కించడం ఎవడైనా ఎక్కిస్తాడు. దించడంలోనే ఉంది. రెండో గేరులో దిగండి. బ్రేకు జోలికి పోమాకండి, బండే మిమ్మల్ని పట్టుకుంటది." అని, నా స్పీడోమీటరు తీగ పీకేశాడు. "అంకెలు చూసుకుంటా కొండెక్కకూడదు."

వాళ్లావిడ విస్తరాకులో పులిహోర కట్టిచ్చింది. నేను పిన్నీ అని పిలిచేవాణ్ని. "ఆయన అన్నీ చెప్తాడు గానీ నీళ్లసంగతి చెప్పడు" అని రెండు సీసాల నీళ్లు కూడా ఇచ్చింది.

అది కార్తీకమాసంలో ఒక ఆదివారం. ఆ రోజును ఇప్పటికీ అప్పుడప్పుడూ బయటికి తీసి చూసుకుంటూ ఉంటాను. కొనకనమిట్ల దాటేదాకా రెండు పక్కలా పత్తి పగిలి ఉంది. మంచు ఇంకా విడవలేదు. కందిచేలు పూతమీద ఉన్నాయి. మార్కాపురం పలకల గనుల దగ్గర రాళ్లగుట్టలు తడిసి నల్లగా మెరుస్తున్నాయి. దోర్నాలలో టీ తాగుతుంటే, ఎదురుగా ఆకాశం అడుగున నీలంగా ఒక గోడ కనిపించింది. మబ్బనుకున్నాను. టీ కొట్టు ఆయన "మబ్బు కాదు సార్, కొండ" అన్నాడు. వెనక్కి పోదామా అనిపించిన మాట నిజం. కానీ మేస్త్రి మొహం గుర్తొచ్చింది. తిరిగి వెళితే ఏమీ అనడు, "బడికేనా?" అంటాడు. అది భరించలేననుకుని బండి ఎక్కాను.

చెక్‌పోస్టులో యూనిఫాం మనిషి ఎక్కడికని అడిగాడు. నా నోట్లోంచి దానంతటదే "ట్రయల్" అని వచ్చేసింది. అతను నవ్వి, "పొదిలా? ఈసారి మనిషి మారాడే" అని గేటు ఎత్తాడు.

అడివిలోకి వెళ్లగానే ఎండ పోయింది. వెదురు పొదలు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. తడి ఆకుల వాసన. మా పొదిలి గాలిలో ఏ కాలంలోనైనా కాస్త పురుగుమందు వాసనో మిరపఘాటో ఉంటుంది. ఉంటుందని కూడా నాకు తెలియదు, అక్కడ అది లేకపోతేనే తెలిసింది. మలుపులు మొదలయ్యాయి. మొదటి మలుపు రెండో గేరులో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని. రెండోది అదే. పదో మలుపుకు నేను గట్టిగా పాడుతున్నానని గమనించాను. నేను పాడనివాణ్ని. పిల్లలకు ప్రార్థన గీతం కూడా ఇంకో టీచరుచేత పాడించేవాణ్ని.

మేస్త్రి చెప్పిన మలుపు చేరాను. బండి ఆపి ఇంజను ఆపేస్తే, చెవుల్లో ఒక్కసారిగా నిశ్శబ్దం. తర్వాత మెల్లగా లోయలో ఎక్కడో నీళ్ల చప్పుడు. కింద కొండలు ఒకదాని వెనక ఒకటి, పచ్చగా మొదలై నీలమైపోయి, చివరికి ఏ రంగూ లేకుండా. పులిహోర విప్పాను. అంత రుచిగల పులిహోర నేను మళ్లీ తినలేదు. ఇది మా ఆవిడ చదివినా సరే, నిజం నిజమే.

తిరుగు ప్రయాణంలో నా బుద్ధి బయటపడింది. దిగుడు రోడ్డు. బండి దానంతటదే పోతోంది కదా, ఊరికే పెట్రోలు కాల్చడం ఎందుకని ఇంజను ఆపేశాను. చదును నేల మీద పుట్టిన ఏ బుద్ధిమంతుడికైనా వచ్చే ఆలోచనే. మా ఊళ్లో చిన్న వంతెన దిగుతున్నా ఇంజను ఆపేస్తాం. రెండు మలుపులు హాయిగా జారాను. మూడో మలుపుకు వేగం పెరిగింది. బ్రేకు తొక్కాను. నాలుగో మలుపుకు ఇంకా గట్టిగా తొక్కాను. అయిదో మలుపుకు వెనక చక్రంలోంచి మాడువాసన, ఆ తర్వాత పొగ, ఆ తర్వాత కాలికింద బ్రేకు ఉన్నట్టే లేదు. రోడ్డు బాగుచేయడానికి పోసిన ఇసక కుప్ప ఒకటి పక్కన కనిపిస్తే, మల్లన్నా అని కేకవేసి దాంట్లోకి తోలేశాను. బండి మోకాళ్ల లోతు దిగబడింది. నేను దాని పక్కన వెల్లకిలా పడ్డాను. దెబ్బ తగల్లేదు, చొక్కా నిండా ఇసక.

ఎదురొస్తున్న లారీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి చక్రం వంక చూశాడు. "ఇంజనాపి దిగావా? ఏ ఊరు?"

"పొదిలి."

"మైదానపోళ్లంతా ఇంతే" అని, "గంటసేపు దాన్ని ముట్టుకోమాక. సల్లారనియ్" అని చెప్పి పోయాడు.

ఆ గంట నేను చేసేదేమీ లేక ఇసక మీద కూర్చున్నాను. రోడ్డు దాటి ఒక ఉడుము తాపీగా నడిచిపోయింది. ఎండ కొండ మీంచి పక్క కొండ మీదికి మారడం చూశాను. బడి లేదు, గంట లేదు, నన్ను సార్ అనేవాళ్లు లేరు. అంత సంతోషం నాకెందుకు కలిగిందో ఇప్పటికీ చెప్పలేను. బతికి బయటపడ్డందుకే కావచ్చు. అది కాదనే నా నమ్మకం.

తర్వాత రెండో గేరులో దిగాను. మేస్త్రి చెప్పినట్టే బండి నన్ను పట్టుకుంది. కానీ ఆ హడావిడిలో రాయి తేవడం మర్చిపోయాను. కొనకనమిట్ల దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది. రాయి రాయే కదా అని రోడ్డు పక్కన తెల్లగా ఉన్న రాయి ఒకటి ఏరి డబ్బాలో వేసుకున్నాను.

షెడ్డు దగ్గర మేస్త్రీ, పిన్నీ, ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు. ఆయన ముందు నా మొహం చూశాడు, తర్వాత వెనక చక్రం డ్రమ్ము చూశాడు. అది వేడికి కమిలి నీలంగా మారి ఉంది.

"ఇంజనాపి దిగారు."

"అవునండి."

ఆయన నవ్వడం మొదలుపెట్టి, గోతాంలోంచి పత్తి తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. తర్వాత డబ్బా తీసి రాయి చూశాడు. చొక్కాకు రుద్దాడు. వెలుగుకు పట్టి చూశాడు.

"ఇది కొనకనమిట్ల రోడ్డు కంకర మాస్టారూ. మొన్నే తోలారు."

అబద్ధమాడి పట్టుబడ్డ పిల్లల్ని బల్ల ఎక్కించే నేను, ఆ వేళ తలొంచుకుని నిలబడ్డాను. "మళ్లీ పోయి తెచ్చుకోండి. కొండ యాడికీ పోదు" అన్నాడు. నేను మళ్లీ వెళ్లలేదు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, ఇంకేవో. నా బండి రాయి లేని బండిగానే మిగిలిపోయింది. కానీ ఒక మార్పు వచ్చింది. ఆదివారాలు ఊరికే బయల్దేరేవాణ్ని. కనిగిరి వైపు, దర్శి వైపు, ఏ పనీ లేకుండా. ఆయన కనిపిస్తే "యాడికి?" అనేవాడు. "ఏమోనండి" అనేవాణ్ని. అది ఆయనకు బాగా నచ్చిన జవాబు.

మూడేళ్ల తర్వాత ఆయనకు గుండెనొప్పి వచ్చింది. ఒంగోలులో వారం ఉంచారు. బండి నడపకూడదన్నారు డాక్టర్లు. షెడ్డు మళ్లీ తెరిచిన వారానికి పిన్ని మా బడికి వచ్చింది. అంతకు ముందు ఆమె ఎప్పుడూ షెడ్డు దాటి రాగా నేను చూడలేదు.

"ఒట్టేయించుకున్నా మాస్టారూ, బండెక్కనని. కానీ ఆయన ఒట్టు నాకు తెలుసు. బండి ఎదురుగా పలికితే మర్చిపోతాడు. ఆ అడివిలో ఒక్కడే ఉండంగా ఏదన్నా అయితే?" అంది. "ఊళ్లో ఎవరూ ఆయనకి ట్రయల్‌కి బండి ఇయ్యమాకండని చెప్పండి. నేను చెప్తే వినరు, మీరు చెప్తే వింటారు."

చెప్పాను. ఉత్సాహంగానే చెప్పాను, మంచిపని చేస్తున్నాననుకుంటూ. రైతులకు, కొట్ల వాళ్లకు, పాల వాళ్లకు. బండి బాగవగానే మీరే తోలి చూసుకోండి, ఆయన చేతికివ్వొద్దు అని. అందరూ ఒప్పుకున్నారు. ఆయనంటే ఊరికి అంత ప్రేమ. ఆ ప్రేమతోనే అందరం కలిసి ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టాం. బండి స్టాండు మీద ఉండగానే స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని వినేవాడు. కళ్లు తెరిచేసరికి యజమాని తాళంచెవి తీసేసుకునేవాడు.

నన్ను ఒక్కమాటే అన్నాడు. "ఊరందరికీ పాఠం చెప్పారంట." తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఆయన యాడికి అని అడగడం మానేశాడు.

ఆ వానాకాలం వెళ్లాక నాకు ఒంగోలులో మూడు రోజుల ట్రైనింగు పడింది. బండి కాస్త దగ్గుతోందని షెడ్డులో పెట్టి బస్సులో వెళ్లాను. వచ్చి చూస్తే బండి తళతళలాడుతోంది. ఎప్పుడూ ఎవరి బండీ కడగని మనిషి నా బండి కడిగించాడు! నా మీద కోపం పోయిందన్నమాట అనుకుని పొంగిపోయాను. ఇంటికి వెళుతుంటే సీటు ఎడమవైపు ఏదో ఎత్తుగా తగిలింది. మర్నాడే వెళ్లి చెప్పాను.

"సీటు బానే ఉంది. మీరే వొంకరగా కూర్చుంటన్నారు" అన్నాడు, తల ఎత్తకుండా.

వారం తర్వాత మళ్లీ చెప్పాను. అప్పుడు తల ఎత్తాడు. కళ్లు నవ్వుతున్నాయి. "కొన్నాళ్లు కూర్చోండి. అలవాటైపోద్ది. యాడికి పోతన్నారు?" అన్నాడు.

నిజంగానే అలవాటైపోయింది. మా ఆవిడ మాత్రం నేను నడుస్తున్నా ఒక పక్కకు ఒరుగుతున్నానని అనేది. మిరపకాయలు కళ్లాల్లో ఎండుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం షెడ్డులోనే, స్టూలు మీదే ఆయన పోయాడు. తర్వాత నాకు గుంటూరు పక్కకు బదిలీ అయింది.

సీటు కవర్ల అతను ఇంకా నీళ్లసీసా పట్టుకుని నిలబడే ఉన్నాడు. "రాయి పారేయమంటారా సార్?"

"వద్దు. ఎక్కడుందో అక్కడే పెట్టి కుట్టు."

"మళ్లీ గుచ్చుకుంటదండీ!"

"గుచ్చుకోనీ."

ఆ శనివారం తెల్లారుజామునే ఆ బండి మీద పొదిలి బయల్దేరాను. పిన్నితో ఎలా చెప్పాలా అని దారంతా ఆలోచన. ఆయన నాకు చెప్పకుండా వెళ్లాడని నాకు పండగ్గా ఉంది. కానీ ఆమెకిచ్చిన ఒట్టు తప్పాడని ఆమెకు చెప్పడం ఏమిటి? చెప్పకుండా ఎలా ఉండగలను?

షెడ్డులో ఇప్పుడు ఎవరో అద్దెకున్నారు. ఆమె పక్క వసారాలో పీట మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూడకముందే బండి చప్పుడు విని తలెత్తింది. "మాస్టారి బండి" అంది.

కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. నేను చెప్పేశాను. సీటు సంగతి, పొట్లం సంగతి, రాయి సంగతి. చెప్పి ఆమె మొహం వంక చూశాను. ఆమె లేచి వచ్చి, సీటు ఎడమవైపు అరచేత్తో తడిమి చూసింది. కొత్త కవరు కింద రాయి తగిలినచోట చెయ్యి ఆగింది.

"ఈడ పెట్టాడా! నేను ఇల్లంతా ఎతికా" అంది.

నాకు మతిపోయింది. "నీకు తెలుసా పిన్నీ?"

"దర్శిలో ఎవరిదో ఇంజను చూడాల, సాయంత్రానికొస్తా అన్నాడు మాస్టారూ. దర్శికి బస్సుంది. బస్సున్న ఊరికి మీ బండెందుకని నేనడగలా. ఆర్నెల్లుగా ఆ మనిషి అన్నం కెలికి లేస్తన్నాడు. మీరంతా నా మాట ఇనే చేశారు, మిమ్మల్ననను. కానీ చూసేదాన్ని నేను గదా. ఆ రోజు తెల్లారి మీటరు తీగ పీకతంటే కిటికీలోంచి చూశా. లోపలికి పోయి పులిహోర కలిపా. చేతిలో పెడితే తీసుకున్నాడు. దర్శికి పులిహోర ఎందుకని ఆయనా అడగలా."

"భయం వెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? ఈ గుమ్మంలోనే కూర్చున్నా. ఆ రోజు ఎన్ని కాయలు ఒలిచానో నాకే తెలవదు. పొద్దుగూకేలోపే వచ్చాడు. చక్రాల నిండా ఎర్రదుమ్ము. దర్శి దారి నల్లరేగడి మాస్టారూ!" అని కొంగు నోటికి అడ్డంపెట్టుకుని నవ్వింది. "దర్శిలో ఇంజను బాగయిందా అన్నా. బెమ్మాండంగా అయింది అన్నాడు. ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. మీరు చూస్తే ఊరంతా చెప్పిపెడతారని ఆయన నిద్రపోయాక బండి నేనే కడిగా."

నేను నవ్వుతూనే ఉన్నాను, కళ్లు మాత్రం మసకబారాయి. అయిదేళ్లుగా మోస్తున్నది ఆమె కాయల తొక్కల్లో ఎక్కడో జారిపడిపోయింది. ఆమె గోతాంలోంచి పిడికెడు పత్తి తీసి నా చేతిలో పెట్టింది. ఆ గోతాం ఇంకా అక్కడే ఉంది.

కాసేపటికి ఆమె అడిగింది. "రేపు ఆదివారం గదా. యాడికి పోతారు?"

"ఏమో పిన్నీ."

ఆమె పీట మీంచి లేచి లోపలికి నడుస్తూ, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"అయితే ఈ పూటకి ఈడే పడుకోండి. తెల్లారి పులిహోర కట్టిస్తా. దిగేటప్పుడు మాత్రం ఇంజను ఆపమాకండి."